లస్కరు బాబాయికి సన్మానం చేద్దామంటే వద్దంటున్నారు, ఏం చేద్దాం?

కృష్ణలంక_కుర్రాడు
విజయవాడలో బందరు కాలువ గట్టు మీద పొద్దున్నే నడకకి వెళ్లేవాళ్లలో లస్కరు బాబాయ్ తెలియనివాళ్లు ఉండరు. ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలువ గట్లూ షట్టర్లూ చూసుకునే ఉద్యోగిగా చేసి రిటైరయ్యారు. డ్యూటీలో ఉండగా మొదలుపెట్టిన పని ఇప్పటికీ మానలేదు. ఆదివారం వస్తే నలుగుర్ని పోగేసి గట్టు మీద చెత్త ఎత్తించడం, వానాకాలం మొక్కలు పెట్టించడం, ఎండాకాలం వాటికి బిందెలతో నీళ్లు మోయడం. ముప్పై ఏళ్ల పైమాటే. ఈ ఏడాది ఆయనకి 75 నిండుతున్నాయి.

మా కాలనీ పెద్దలంతా కలిసి కల్యాణ మండపంలో ఘనంగా సన్మానం చేద్దామనుకున్నారు. శాలువా, గజమాల, జ్ఞాపిక, నాయకుల్ని పిలవడం, భోజనాలు. చెప్పడానికి వెళ్తే బాబాయ్ మాకు మజ్జిగ ఇప్పించి, మొత్తం విని, "నాకొద్దురా అబ్బాయ్, ఆ డబ్బుతో మొక్కలకి ఇనుప కంచెలు చేయించండి" అన్నారు. ఇంకో మాట లేదు. కమిటీలో సగంమంది అదంతా మొహమాటం, చేసేద్దాం అంటున్నారు. మిగతావాళ్లు వద్దన్న మనిషిని స్టేజీ ఎక్కించడం ఏం మర్యాద అంటున్నారు. ఏమీ చేయకుండా ఊరుకోవడం మాత్రం నాకు అస్సలు ఇష్టం లేదు. మీరేమంటారు?

పటమట_పద్మ
చెయ్యండి. పెద్దవాళ్లు ముందు వద్దనే అంటారు. మనిషి పోయాక ఫొటోకి దండేసి పొగిడే బదులు, ఆ నాలుగు మాటలు ఆయన్ని వినని‌వ్వండి.

గట్టుమీద_గాలి
పద్మగారూ, ఆయన మొహమాటస్తుడు కాదండీ. నేను ఆదివారాలు వెళ్తుంటాను కాబట్టి తెలుసు. కాలువలోకి పూజ సామాను కవరుతో సహా విసిరే పెద్దమనుషుల్ని ఆపి, "పూలు వేసుకో తల్లీ, కవరు నాకివ్వు" అని చెయ్యి చాపే మనిషి. ఆయన వద్దన్నారంటే వద్దనే అర్థం.

లెక్కల_టీచర్
కంచెలు చేయించండి అన్నారు కదా, చేయించండి. ఇంతకీ సమస్యేంటి?

కృష్ణలంక_కుర్రాడు
@లెక్కల_టీచర్ కంచెలు ఎలాగూ చేయిస్తాం. కానీ మా పిల్లలకి ఆయనెవరో తెలియాలి కదా. కొత్తగా అపార్ట్‌మెంట్లలోకి వచ్చినవాళ్లు ఆయన్ని మున్సిపాలిటీ వర్కర్ అనుకుని "ఇదిగో ఇక్కడ కూడా తుడువు" అంటున్నారు. నా కళ్లారా చూశాను. ఆయన తుడిచారు కూడా. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు.

బ్యారేజీ_భోగట్టా
నీటిపారుదలలో పనిచేసి రిటైరైనవాణ్ణి. లస్కరు అంటే ఏమిటో ఈ తరానికి కొంచెం చెప్పాలి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా బతుకంతా కాలువల మీదే. ఆ ఆనకట్ట 1952లో తెగింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇంజినీర్ల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. కానీ వరదొచ్చిన రాత్రి లాంతరు పట్టుకుని గట్టు వెంట నడిచి, ఎక్కడ ఊట పుట్టింది, ఎక్కడ ఎలుక బొరియ పడింది అని చూసి కబురు చేసేది లస్కరు. షట్టరు ఎత్తేది, దించేది, నీటిమట్టం చూపే గేజీ చూసి రాసేది ఆయనే. గండి పడకుండా ఆగిన రాత్రుల గురించి ఎవరూ రాయరు.

ఇంకో సంగతి. మా శాఖవాళ్లకి గట్ల మీద చెట్లంటే పడదు. కారణం ఉంది. పెద్ద చెట్టు చచ్చిపోతే దాని వేరు కుళ్లి లోపల ఖాళీ మిగులుతుంది, నీళ్లు ఆ దారి పట్టుకుంటాయి. మొక్కలు నాటే ఉత్సాహవంతులు చాలామంది ఇది తెలియక నీటివైపు వాలులోనే నాటేస్తారు. ఈయన అలా చేయడు. వాలు మీద గడ్డి ఒక్కటే ఉండనిస్తాడు, చెట్లన్నీ గట్టు దిగాక బయటివైపు. ఆయనకి సన్మానం చేసేవాళ్లు ముందు ఈ తేడా తెలుసుకుంటే బాగుంటుంది.

పునాస
పైన చెప్పినది నాకు ఇప్పుడే తెలిసింది. మేము కాలేజీలో మొక్కలు నాటే కార్యక్రమం పెట్టినప్పుడు ఆ తాతగారు వచ్చి గుంతలన్నీ కిందికి మార్పించారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

సెంటర్లో_షాపు
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నా మాట కూడా చెప్తాను. నా షాపు బోర్డు వేపచెట్టుకి కొట్టుకుంటే ఒక పొద్దున పట్టకారుతో మేకులన్నీ పీకేసి బోర్డు షట్టరుకి ఆనించి వెళ్లిపోయారు. నాకు ఒక మాట చెప్పి తీస్తే పోయేదేముంది? మంచి పనైనా పద్ధతి ఉండాలి. అంతమాత్రాన ఆయన సేవ చిన్నదని నేను అనను. ఏం చేసినా నా వంతు చందా రాసుకోండి.

గట్టుమీద_గాలి
@సెంటర్లో_షాపు ఆ మేకులన్నీ ఆయన ఇంట్లో హార్లిక్స్ సీసాల్లో ఉన్నాయండీ. నాలుగైదు సీసాలు కిటికీలో వరసగా పెట్టారు. ట్యూషన్ బోర్డులు, టూలెట్ బోర్డులు, రాజకీయ పార్టీల బోర్డులు, ఎవర్నీ వదల్లేదు. మేకు పీకిన చోట బెరడు లోపల చుట్టూ నల్లగా మారి ఉంటుంది, వేలు పెట్టి చూపిస్తారు. అలా చూశాక చెట్టుకి మేకు కొట్టాలంటే చెయ్యి రాదు.

సెంటర్లో_షాపు
అదే మాట నాకూ చెప్పి చూపిస్తే సరిపోయేది అంటున్నాను.

పటమట_పద్మ
షాపు అన్నయ్యా, సన్మానంలో మొదటి శాలువా మీ చేతే కప్పిద్దాం, లెక్క సరిపోతుంది :)

సింగ్‌నగర్_వాసి
బందరు కాలువ వాళ్లే కాదు, మేమూ ఆయన్ని మర్చిపోం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా మీద పడ్డ రోజు గుర్తుందా? మళ్లింపు కాలువకి గండ్లు పడి సింగ్‌నగర్ మొత్తం మునిగింది. అటు చూస్తే మర్నాటికి బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది. మా వీధిలో నీళ్లు తీయడానికి రోజులు పట్టింది. తీశాక అసలు కష్టం మొదలైంది: ఇంటినిండా బురద, తడిసిన పరుపులు, చచ్చిన పాములు. ఈయన కాలువ కుర్రాళ్లని వెంటేసుకుని పారలతో వచ్చారు. ఎవరిల్లని అడగలేదు. ముసలివాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లు ఎక్కడున్నాయో చెప్పండి, అవి ముందు అన్నారు.

అంతకు ముందు ఎన్నో ఏళ్ల నుంచి ఈయన బుడమేరు పొడవునా ఆక్రమణలు తీయాలి, పూడిక తీయాలి అని అర్జీలు పెడుతూనే ఉన్నారు. 2005లో మునిగినప్పటి నుంచి అదే మాట. బుడమేరు నీళ్లు చివరికి కొల్లేరుకి చేరాలి, దారిలో మనం ఇళ్లు కట్టుకుంటే అది మన ఇళ్లలోంచే వెళ్తుంది అనేవారు. అప్పుడు ఆయన్ని పనీపాటా లేని ముసలాయన అన్నవాళ్లని నేనెరుగుదును. సన్మానం అంటే ఆ అర్జీలన్నీ ఒకచోట పెట్టి పెద్దవాళ్ల ముందు చదవడం. అది చేసే పనైతే చెప్పండి, మా వీధి వీధంతా వస్తాం.

బ్యారేజీ_భోగట్టా
@సింగ్‌నగర్_వాసి సరిగ్గా చెప్పావు నాయనా. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. కానీ కొల్లేరు బాగుండాలంటే ఇక్కడ విజయవాడలో బుడమేరు బాగుండాలి అన్న మాట మాట్లాడేవాళ్లే తక్కువ.

గుంటూరు_ఘాటు
మీకు పక్క జిల్లా కబురు ఒకటి చెప్తా. పెదకాకాని మండలంలో మా ఉప్పలపాడు చెరువు చూశారా? గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని చేస్తుంటే ఆకులు కనపడవు, రెక్కలే కనపడతాయి. ఆ చెరువు ఊరి మధ్యలో ఉంటుంది. వాసన ఉంటుంది, రెట్ట ఉంటుంది, చప్పుడు ఉంటుంది. ఊరివాళ్లు భరిస్తున్నారు కాబట్టి నిలిచింది. అక్కడికి వెళ్తే "ఇది ఫలానా ఆయన కాపాడాడు" అని ఒక్కరి పేరు వినపడదు, "మా పక్షులు" అంటారు. మీ బాబాయ్ పని మీ కాలనీ పని అయిందా లేదా? అది తేలకుండా ఎన్ని శాలువాలు కప్పినా లాభం లేదు.

కృష్ణలంక_కుర్రాడు
@గుంటూరు_ఘాటు గట్టిగా తగిలింది. నిజమే, ఆదివారం వచ్చేది మహా అయితే పదిమంది. వానాకాలం ఎక్కువ, ఎండాకాలం తక్కువ. ఎండాకాలమే అసలు అవసరం.

అమ్మచేతి_పులిహోర
పిన్నిగారి సంగతి ఎవరూ ఎత్తరేం? ఆ పదిమందికీ పొద్దున్నే ఉప్మా, మజ్జిగ చేసి స్టీలు గ్లాసులతో సహా పంపేది ఆవిడే. పేపరు ప్లేట్లు కూడా ఇంట్లోకి రానివ్వరు. గ్లాసులు మళ్లీ ఇంటికి వెళ్లి తోముకోవాలి. ఆయనకి శాలువా అయితే ఆవిడకి ఏంటి? ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టకపోతే నేనైతే రాను.

పటమట_పద్మ
నూటికి నూరుపాళ్లు. పిన్నిగారికి పట్టుచీర నా తరఫున.

మూడోలైను_మహేశ్వరి
పిన్నిగారితో పాటు మా పారిశుధ్య అక్కల్ని కూడా పిలవండి. మీరంతా ఆదివారం గోతాల్లో నింపి గట్టు మీద పెట్టి వెళ్తారు. సోమవారం దాన్ని ఎత్తి బండిలో వేసేది వాళ్లు. బాబాయ్ ఒక్కరే సోమవారం కూడా వచ్చి వాళ్లకి చెయ్యి వేస్తారు. అందుకే వాళ్లకి ఆయనంటే ప్రాణం.

రైల్వే_రిటైర్డ్
పద్మశ్రీకి పంపండయ్యా. ఇప్పుడు ఎవరైనా ఎవరినైనా ఆన్‌లైన్‌లో ప్రతిపాదించవచ్చు, కేంద్ర ప్రభుత్వ పురస్కారాల పోర్టల్ ఉంది. సిఫారసు అక్కర్లేదు. చేసిన పని గురించి 800 పదాలు మించకుండా రాయాలి, అంతే. ఖమ్మం జిల్లా వనజీవి రామయ్యగారు మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' బోర్డు వేసుకుని సైకిల్ మీద తిరిగి విత్తనాలు చల్లిన మనిషి. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు రెండు రాష్ట్రాల్లో జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ గుర్తింపు రాకపోతే ఎంతమందికి తెలిసేది?

లెక్కల_టీచర్
రైల్వే సారు చెప్పింది బాగానే ఉంది గానీ, 800 పదాల్లో ఏం రాస్తారు? "చాలా మొక్కలు నాటారు" అంటే కుదరదు. ఎన్ని, ఎక్కడ, ఎన్ని బతికాయి? లెక్క కావాలి.

గట్టుమీద_గాలి
లెక్క ఉందండీ టీచర్‌గారూ! లాంగ్ సైజు నోటు పుస్తకాలు. గేజీ రీడింగులు రాసిన అలవాటు కదా, మొక్కలకి కూడా అలాగే గళ్లు గీసి రాశారు. ఏ మొక్క, ఏ తేదీ, ఎవరి చేత్తో పెట్టించారు, ఏ స్తంభానికి ఎన్ని అడుగుల దూరం. చచ్చిపోయిన మొక్కని ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన కారణం రాస్తారు. నేను ఒకసారి పేజీలు తిప్పాను: "మేక", "కేబుల్ గుంత", "కారు వెనక్కి తీస్తూ", "నీళ్లందలేదు, నాదే తప్పు", "గృహప్రవేశం షామియానా". ఒక పేజీలో వరసగా ఆరు తురాయిలు కొట్టేసి ఉన్నాయి, పక్కన "మిచౌంగ్ గాలి". అది 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన తుఫాను. ఆ కిందే గీత గీసి, "ఇక్కడ ఇక కానుగ, నేరేడు మాత్రమే" అని రాసుకున్నారు.

లెక్కల_టీచర్
ఇదీ మాట. శాలువా సంగతి వదిలేయండి. ఆ పుస్తకాలకి చెమ్మ తగలకముందే ఫొటోలు తీయించండి. ఏ మొక్క మన గట్టున నిలుస్తుంది, ఏది నిలవదు అన్న ముప్పై ఏళ్ల సమాచారం ఏ ఆఫీసులోనూ ఉండదు. నేనూ, మా తొమ్మిదో తరగతి పిల్లలూ కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. సెలవులే కదా.

పునాస
టీచర్‌గారూ నేనూ వస్తా. ప్రతి చెట్టుకీ లొకేషన్ పెట్టి మ్యాప్ తయారు చేయొచ్చు. నంబరు బోర్డు మాత్రం మేకుతో కొట్టకూడదు, మళ్లీ సీసాలోకి వెళ్తుంది :)

మావిడాకు
నేను వేరే మాట అంటాను, తిట్టుకోకండి. పుస్తకం ఎక్కించడం, మ్యాప్ వేయడం మనకి సరదా. ఆయనకి కావలసింది మోకాలి నొప్పికి మంచి డాక్టరు. గట్టు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని పక్కకి తిరిగి దిగుతున్నారు, ఎవరైనా గమనించారా? పెన్షను ఎంత వస్తుందో తెలుసా? పొగడ్తలకి ముందు ఆ ఇంట్లో మందుల డబ్బా చూసి రండి.

పటమట_పద్మ
డబ్బు పర్సు ఇద్దామంటే తీసుకుంటారా?

మావిడాకు
తీసుకోరు. స్టేజీ మీద కవరు చేతిలో పెడితే అవమానంగా ఉంటుంది. మా అన్నయ్య ఎముకల డాక్టరు. నేనే వాకింగ్‌కి తోడు వెళ్లినట్టు వెళ్లి తీసుకెళ్తాను. ఇది సభలో చెప్పే విషయం కాదు, ఇక్కడ కూడా ఇంతటితో వదిలేయండి.

కృష్ణలంక_కుర్రాడు
@మావిడాకు థాంక్స్ అక్కా. ఆ బాధ్యత మీదే. మేం నోరెత్తం.

సెంటర్లో_షాపు
నా ఆలోచన: ఆయన పేరుతో బోర్డు. గట్టు మొదట్లో పెద్దది, సిమెంటు దిమ్మె కట్టి, చక్కగా గ్రానైట్ మీద. ఖర్చు నాది.

బ్యారేజీ_భోగట్టా
దిమ్మె ఎక్కడ కడతావో చూసుకో బాబూ. చెట్టు మొదట్లో కట్టావంటే ఆయన గునపంతో వస్తాడు. చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు ఉండకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఢిల్లీకి ఆదేశాలిచ్చింది. వేరుకి గాలి, నీరు అందాలి. మన దగ్గర పార్కుల్లో కూడా కాండం దాకా టైల్స్ పరుస్తున్నారు. ఆ గ్రానైట్ డబ్బుతో కాలనీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఉన్న సిమెంటు పగలగొట్టించు, ఆయన నిన్ను గుండెలకి హత్తుకుంటాడు.

సెంటర్లో_షాపు
నా షాపు ముందు వేపచెట్టు చుట్టూ కూడా టైల్సే ఉన్నాయి. సరే, అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈసారి నేనే ఆయన్ని పిలుస్తా.

రైల్వే_రిటైర్డ్
అన్నీ బాగున్నాయి. కానీ సభ వద్దు అనకండి. నాలుగు గోడల మధ్య పుస్తకం ఎక్కిస్తే ఊరికి ఏం తెలుస్తుంది? మన ఊళ్లో గట్టిగా చప్పట్లు కొట్టించుకోవాల్సినవాళ్లు కొట్టించుకోవాలి. అది చూసిన కుర్రాడు ఇంటికెళ్లి నేనూ చేస్తానంటాడు.

గుంటూరు_ఘాటు
@రైల్వే_రిటైర్డ్ సభ పెట్టండి సార్, మండపంలో ఎందుకు, కాలువలో పెట్టండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. నీళ్లు తీశాక అడుగున ఏముందో ఊరంతా దిగి చూడాలి.

సింగ్‌నగర్_వాసి
అబ్బ, భలే చెప్పారు గుంటూరాయన!

పటమట_పద్మ
పట్టుచీర కట్టుకుని కాలువలోకి దిగాలా?

అమ్మచేతి_పులిహోర
చీర పిన్నిగారికి, గ్లౌజులు మనకి.

కృష్ణలంక_కుర్రాడు
నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లొచ్చాం. ఈసారి టీచర్‌గారు, పునాస, షాపు అన్నయ్య కూడా వచ్చారు. కాలువలో అన్న మాట వినగానే బాబాయ్ నవ్వారు. పిన్నిగారు లోపల్నుంచి "వస్తారు, వస్తారు, నేను తీసుకొస్తా" అన్నారు. ఆయన పెట్టిన షరతులు ఇవీ.

ఫ్లెక్సీ ఉండకూడదు. శాలువా ఉండకూడదు, ఎవరికైనా కప్పాలని ఉంటే పారిశుధ్య అక్కలకి కప్పమన్నారు. మైకు పెడితే నేరేడు చెట్ల వైపు పెట్టొద్దు, అక్కడ గూళ్లున్నాయట. ముఖ్యమైనది చివర చెప్పారు: నోటు పుస్తకాలు ఇస్తారు, కానీ ఊరికే ఇవ్వరు. ముగ్గురు కావాలట. వాళ్లు ఈ వేసవి అంతా వంతులవారీగా నీళ్లు పోయాలి, ఏ మొక్కకి ఎప్పుడు కంచె విప్పాలో నేర్చుకోవాలి. కాండం లావెక్కినా కంచె విప్పకపోతే ఇనుము బెరడులోకి దిగిపోతుంది, మొక్క పెట్టినవాళ్లే దాన్ని చంపినట్టవుతుంది అన్నారు. అలా దిగిపోయిన కానుగ ఒకటి తీసుకెళ్లి చూపించారు. కమ్మీ సగం కాండం లోపలికి వెళ్లి, దాని మీద నుంచి బెరడు పెదవిలా మూసుకుపోయింది. షాపు అన్నయ్య దాన్ని చాలాసేపు తడుముతూ నిలబడ్డాడు.

పునాస
ముగ్గురిలో నేనొకదాన్ని. అమ్మకి చెప్పేశాను.

గట్టుమీద_గాలి
నేను రెండు. మూడోవాళ్లు?

సెంటర్లో_షాపు
పొద్దున్న షాపు తెరిచే లోపు అయితే నేను. బిందెలు కాదు, నా ట్రాలీ ఆటోలో డ్రమ్ము పెట్టుకుని పోస్తా.

రైల్వే_రిటైర్డ్
పద్మశ్రీ దరఖాస్తు మాత్రం నేను వదలను. టీచర్‌గారు లెక్క ఇస్తే 800 పదాలు నేను రాస్తాను. ఆయనకి చెప్పక్కర్లేదు.

లెక్కల_టీచర్
ఇస్తాను సార్. ఎర్ర సిరావి కూడా కలిపే ఇస్తాను.

సింగ్‌నగర్_వాసి
బుడమేరు అర్జీల నకళ్లు మా దగ్గర కొన్ని ఉన్నాయి. ఆ రోజు తెస్తాం. అందరి ముందు చదివి, తేదీ వేసి, మళ్లీ కొత్తగా ఇద్దాం. ఈసారి కింద సంతకాలు వీధంతటివీ ఉంటాయి.

కృష్ణలంక_కుర్రాడు
అయితే కాలువ కట్టేసి బురద కాస్త ఆరిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం, పొద్దున ఆరింటికి. తేదీ తెలియగానే ఇక్కడే పెడతా. సామాను చెప్పండి.

మూడోలైను_మహేశ్వరి
చెప్పులతో రావద్దు, బూట్లు. కాలువ అడుగున సీసా పెంకులే ఎక్కువ. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని రండి. పెంకులకి ప్లాస్టిక్ సంచులు తేకండి, చిరిగి మా అక్కల చేతులు కోసుకుంటాయి. సిమెంటు గోతాలు తెండి, సగానికే నింపండి.

బ్యారేజీ_భోగట్టా
గోతాలు మా అల్లుడి సైటు నుంచి తెస్తా. పారలు ఎన్ని కావాలి?